విజిల్ లేని కుక్కర్: తూటా కేస్ మీద ఒత్తిడి గుర్తులు
(పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు)

ఈసారి విశాఖ నుంచి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. పిల్లలు అమెరికాలో ఉంటారు, వారాంతంలో రేంజ్‌కి వెళ్తారు, గరాజ్‌లో బల్ల వేసుకుని రైఫిల్ తూటాలు సొంతంగా నింపుకుంటారు. కాల్చిన కేసుల (తూటాల ఇత్తడి తొడుగుల) ఫోటోలు వాట్సాప్‌లో ఇక్కడికి వస్తాయి. ఇక్కడ అమ్మానాన్నలకి నిద్ర పట్టదు. అందుకే అన్నిటికీ ఒకేచోట జవాబులిస్తున్నాం. ఏ తూటాకి ఎంత పౌడర్ అన్న లెక్క మాత్రం ఇక్కడ దొరకదు. అది పౌడర్ కంపెనీ, బుల్లెట్ కంపెనీ అచ్చువేసిన లోడింగ్ పుస్తకంలోనే చూడాలి.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. .308 రైఫిల్‌కి తూటాలు తనే నింపుకుంటాడు. మొన్న కాల్చిన కేస్ ఫోటో పంపి, "ప్రైమర్ చదునైపోయింది నాన్నా, ప్రెషర్ ఎక్కువైందంటావా?" అని అడిగాడు. నేను స్టీల్ ప్లాంట్‌లో మెకానికల్ విభాగంలో చేసి రిటైరయ్యాను. లోహం గురించి తెలుసు గానీ తుపాకుల గురించి తెలీదు. ఏం చెప్పమంటారు?
– కూర్మన్నపాలెం

జవాబు: ముందుగా, ఫోటో చూసి జాతకం చెప్పకండి. ప్రైమర్ అంటే కేస్ అడుగున ఉండే, ఫైరింగ్ పిన్ దెబ్బకి పేలి పౌడర్‌ని అంటించే చిన్న మూత. చదునైన ప్రైమర్ ఒక్కదాన్ని పట్టుకుని ఏదీ తేల్చలేం. ఎందుకో మీకు చెప్పడం తేలిక.

ఫైరింగ్ పిన్ కొట్టగానే తూటా చాంబర్‌లో (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గదిలో) వెంట్రుకవాసి ముందుకు జరుగుతుంది. ప్రైమర్ పేలిన తోపుకి ప్రైమరే కాస్త వెనక్కి జారి, చాంబర్‌ని వెనక నుంచి మూసే బోల్టు ముఖానికి ఆనుకుంటుంది. ఆపైన పౌడర్ అంటుకుని ఒత్తిడి పెరుగుతుంటే కేస్ గోడలు చాంబర్‌ని పట్టుకుంటాయి, అడుగుభాగం వెనక్కి సాగి బోల్టుకి తగులుతుంది. బయటికొచ్చిన ప్రైమర్ మళ్లీ తన గుంటలోకి నెట్టబడుతుంది. ఈ రాకపోకల్లోనే దాని అంచుల గుండ్రదనం పోతుంది. .308లో మామూలు ఫ్యాక్టరీ తూటా కాల్చినా ప్రైమర్ కొంత చదునవుతుంది.

ఇప్పుడు రీసైజింగ్ డైని (కాల్చిన కేస్‌ని తిరిగి పాత కొలతకి నొక్కే అచ్చుని) మరీ కిందికి బిగించి, కేస్ భుజాన్ని (మెడ కింది ఏటవాలు భాగాన్ని) అవసరానికి మించి వెనక్కి నొక్కేశాడనుకోండి. తూటాకీ బోల్టుకీ మధ్య ఖాళీ పెరుగుతుంది. ప్రైమర్ ఇంకా ఎక్కువ దూరం బయటికొచ్చి, ఆనుకోవడానికి గోడ లేక పుట్టగొడుగులా ఉబ్బి, తర్వాత నలిగి లోపలికి వెళుతుంది. చూస్తే అచ్చం అధిక ఒత్తిడిలాగే ఉంటుంది. ఒత్తిడి మాత్రం మామూలుగానే ఉండొచ్చు.

తేడా పట్టుకోవడానికి మీ అబ్బాయిని మూడు పనులు చేయమనండి. ఒకటి, అదే రైఫిల్‌లో ఫ్యాక్టరీ తూటాలు ఐదు కాల్చి ఆ కేసులు పక్కన పెట్టుకోవాలి. తన కేసుల్ని పోల్చాల్సింది వాటితోనే, ఇంటర్నెట్ బొమ్మలతో కాదు. రెండు, పుస్తకంలో ఉన్న స్టార్ట్ లోడ్ (మొదలుపెట్టాల్సిన తక్కువ పౌడర్ లెక్క) కాల్చి చూడాలి. అందులోనూ ప్రైమర్ అలాగే చదునైతే తప్పు పౌడర్‌ది కాదు, ఖాళీది. మూడు, కాల్చిన కేస్ భుజాన్ని కంపారేటర్‌తో (భుజం ఎక్కడుందో చూపే కొలత పరికరంతో) కొలిచి, సైజ్ చేశాక మళ్లీ కొలవాలి. బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కి 0.002 అంగుళం వెనక్కి నెడితే చాలు. 0.008, 0.010 వస్తోందంటే డైని సరిచేసుకోవాలి. ప్రైమర్ కంపెనీ కూడా చూడాలండోయ్. ఫెడరల్ ప్రైమర్ కప్పు మెత్తన, సీసీఐది గట్టి. ఒకే లోడ్‌కి మొదటిది చదునై, రెండోది గుండ్రంగానే ఉండొచ్చు.

ప్రశ్న: అసలు గుర్తుల్లో దేన్ని నమ్మాలి, దేన్ని నమ్మకూడదు?
– షీలానగర్

జవాబు: మా లెక్కలో అన్నిటికన్నా నమ్మదగ్గది కంటికి కనిపించేది కాదు, చేతికి తెలిసేది: బోల్టు ఎత్తేటప్పుడు బిగుసుకోవడం. దాని వెనక ఉన్న సంగతి ఇది. కేస్ 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు కలిపిన ఇత్తడి. పేలినప్పుడు ఇత్తడీ ఉబ్బుతుంది, చాంబర్ ఉక్కూ కాస్త ఉబ్బుతుంది. మామూలు ఒత్తిడిలో రెండూ వెనక్కి వస్తాయి. ఇత్తడి కొంచెం ఎక్కువ కుంచించుకుంటుంది కాబట్టి కేస్ వదులై తేలిగ్గా బయటికొస్తుంది. ఒత్తిడి హద్దు దాటితే ఇత్తడి శాశ్వతంగా సాగిపోతుంది, ఉక్కు మాత్రం స్ప్రింగులా వెనక్కొచ్చి దాన్ని బిగించి పట్టుకుంటుంది. బోల్టు హ్యాండిల్ అంగుళం లేచి ఆగిపోయిందా, రెండో చెయ్యి వేయాల్సొచ్చిందా, ఇక ఆ రోజుకి కాల్చడం ఆపేయాలి. చాంబర్‌లో మసి గానీ నూనె గానీ ఉన్నా బోల్టు ఇలాగే మారాం చేస్తుంది కాబట్టి, తుడిచి ఫ్యాక్టరీ తూటాతో చూస్తే అసలు కారణం తేలిపోతుంది.

రెండోది ఎజెక్టర్ (కాల్చిన కేస్‌ని బయటికి విసిరే స్ప్రింగు భాగం) గుర్తు. బోల్టు ముఖంలో ఎజెక్టర్ ఉండే రంధ్రంలోకి ఇత్తడి కారినట్టు పొంగి, కేస్ అడుగున మెరిసే చిన్న వృత్తమో చంద్రవంకో పడుతుంది. దాని మీద వేలిగోరు నడిపితే తట్టుకుంటుంది. ఇది గట్టి సాక్ష్యం. పాత మౌజర్ 98 రకం బోల్టులో ఈ స్ప్రింగు ఎజెక్టర్ ఉండదు గనక దాంట్లో ఈ వృత్తం కోసం వెతికి ప్రయోజనం లేదు.

మూడోది ప్రైమర్ గుంట వదులు కావడం. ఇది కాల్చిన రోజు కాదు, మళ్లీ ప్రైమర్ ఎక్కించేటప్పుడు తెలుస్తుంది. వేలితో నొక్కితేనే జారిపోయిందంటే ఆ కేస్ చెత్తబుట్టకే. కొత్త కేసులు రెండు మూడు సార్లకే ఇలా అవుతుంటే లోడ్ ఒత్తిడి మరీ ఎక్కువగా ఉందని అర్థం, ప్రైమర్ ముఖం ఎంత అందంగా ఉన్నా సరే.

ఫైరింగ్ పిన్ దెబ్బ చుట్టూ అగ్నిపర్వతం నోరులా గట్టు లేవడాన్ని క్రేటరింగ్ అంటారు. దీన్ని చూసి భయపడేవాళ్లే ఎక్కువ, కానీ సగం సందర్భాల్లో తప్పు రైఫిల్‌దే. బోల్టు ముఖంలో పిన్ రంధ్రం పెద్దదైతే, స్ప్రింగు అలసిపోతే, ఫ్యాక్టరీ తూటాకీ గట్టు లేస్తుంది. ప్రైమర్‌కి రంధ్రమే పడిందంటే మాత్రం వేరే కథ. వేడి గ్యాస్ పిన్ రంధ్రం గుండా వెనక్కి వస్తుంది. కళ్లద్దాలు పెట్టుకోవాలని మొత్తుకునేది ఇందుకే. అప్పుడు పిన్ మొన కూడా కాలి గుంటపడి ఉండొచ్చు, దాన్ని చూపించుకోకుండా మళ్లీ కాల్చకూడదు.

మైక్రోమీటర్‌తో కేస్ అడుగు వ్యాసం ఎంత ఉబ్బిందో కొలిచి ఒత్తిడి చెప్పే పద్ధతి ఒకటుంది. అంగుళంలో పదివేలవ వంతు చూపే పరికరం కావాలి. ఒక లాట్ (ఒకే విడత తయారీ) ఇత్తడి మెత్తగా, ఇంకో లాట్ గట్టిగా ఉంటుంది కాబట్టి దాన్ని మేం పెద్దగా నమ్మం.

కేస్ అడుగుకి కాస్త పైన, గోడ చుట్టూ మెరిసే గీత పడితే అది ఒత్తిడి గుర్తే కాదు. సైజ్ చేసినప్పుడల్లా సాగి పలచబడి కేస్ తెగబోతోందన్నమాట. పేపర్ క్లిప్ కొన వంచి లోపల గీసుకుంటూ పోతే, గుంట తగిలిన చోట చేతికి తెలుస్తుంది. ఆ లాట్ మొత్తం పారేయాలి.

ప్రశ్న: 62,000 పీఎస్‌ఐ అంటారు. మామూలు భాషలో ఎంత?
– గోపాలపట్నం

జవాబు: పీఎస్‌ఐ అంటే చదరపు అంగుళం మీద ఎన్ని పౌన్ల ఒత్తిడి అని. వంటింటి ప్రెషర్ కుక్కర్‌లో ఒత్తిడి 15 పీఎస్‌ఐ దరిదాపుల్లో ఉంటుంది. .308కి అమెరికా తయారీదారుల ప్రమాణాల సంస్థ 'సామీ' పెట్టిన గరిష్ఠ హద్దు 62,000 పీఎస్‌ఐ. అంటే నాలుగువేల కుక్కర్ల పైమాటే. .223 రెమింగ్టన్‌కి 55,000, .30-06కి 60,000. కుక్కర్‌కి విజిలుంటుంది, అది పాడైతే కరిగిపోయే సేఫ్టీ వాల్వు ఉంటుంది. తూటాకి ఈ రెండూ లేవు. పాత పుస్తకాల్లో సీయూపీ అనే కొలత కనిపిస్తుంది. అది రాగి ముక్క ఎంత నలిగిందో చూసి వేసిన లెక్క, దాన్ని పీఎస్‌ఐలోకి మార్చే సూత్రం లేదు.

ప్రశ్న: మా తమ్ముడు అరిజోనాలో ఉంటాడు. పుస్తకంలోని గరిష్ఠ లోడ్‌కి వచ్చేశాడు. బోల్టు వెన్నలా లేస్తోంది, ప్రైమర్ గుండ్రంగానే ఉంది. "గుర్తులేం లేవు కదన్నయ్యా, ఇంకో అర గ్రెయిన్ వేసి చూస్తా" అంటున్నాడు (గ్రెయిన్ అంటే పౌడర్ తూచే చిన్న కొలతట). వేయొచ్చా?
– మద్దిలపాలెం

జవాబు: వద్దని గట్టిగా చెప్పండి. ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో అసలైనది ఇదే.

ఇత్తడి మీద గుర్తు పడేది ఇత్తడి ఓడిపోయాక. ఆధునిక కేసుల్లో అది చాలాసార్లు 65,000–70,000 పీఎస్‌ఐ దాకా జరగదు. అంటే గుర్తు కనిపించేసరికి 62,000 హద్దు ఎప్పుడో దాటిపోయింది. గట్టి ఇత్తడి, గట్టి ప్రైమర్ కలిస్తే ఇంకా పైకి వెళ్లినా కేస్ నోరు మెదపదు. గుర్తు కనిపిస్తే ఆపాలి, నిజమే. కానీ గుర్తు లేకపోవడం అనుమతిపత్రం కాదు.

మరి దేన్ని పట్టుకోవాలి? వేగాన్ని. క్రోనోగ్రాఫ్ అనే వేగం కొలిచే పరికరం ప్రైమర్ కన్నా ముందే నిజం చెబుతుంది. పుస్తకంలో ప్రతి లోడ్ పక్కన వేగం, ఏ బ్యారెల్‌తో కొలిచారో రాసి ఉంటుంది. ఉదాహరణకి 24 అంగుళాల బ్యారెల్‌లో గరిష్ఠ లోడ్‌కి సెకనుకి 2,700 అడుగులని ఉందనుకోండి. మీ తమ్ముడిది 20 అంగుళాల బ్యారెల్. ఈ తరగతి తూటాల్లో బ్యారెల్ అంగుళం తగ్గితే వేగం సెకనుకి 20–25 అడుగులు తగ్గుతుంది కాబట్టి 2,600–2,620 రావాలి. 2,700 వస్తుంటే ఆ అదనపు వేగం ఊరికే రాలేదు, ఒత్తిడి అమ్మి కొన్నది. పౌడర్ తూకం పుస్తకం కన్నా తక్కువున్నా సరే, వేగం పుస్తకం హద్దు తాకితే ఆ రైఫిల్‌కి అదే గరిష్ఠం.

పైకి ఎక్కే పద్ధతి కూడా చెప్పండి. స్టార్ట్ లోడ్ నుంచి మొదలు. పుస్తకంలో స్టార్ట్ లేకపోతే గరిష్ఠానికి 10 శాతం తక్కువ. .308 సైజు కేస్‌లో 0.3 నుంచి 0.5 గ్రెయిన్ చొప్పున, .223 లాంటి చిన్న కేస్‌లో 0.2 చొప్పున పెంచాలి. మెట్టుకి మూడేసి తూటాలు చాలు. ప్రతి తూటాకీ వేగం రాసుకోవాలి, బోల్టు ఎత్తి చూడాలి, కేస్ అడుగు చూడాలి, ఆ తర్వాతే తర్వాతి మెట్టు. ఎక్కడైనా వేగం మెట్టుకి మెట్టు సమానంగా పెరగకుండా ఒక్కసారిగా గంతేస్తే, ఆగి కారణం వెతకాలి. మిగిలిన పై మెట్ల తూటాలు కాల్చి వదిలించుకోవడం వద్దు. బుల్లెట్ పుల్లర్‌తో విప్పేయాలి. బద్ధకించి "ఇవి నాలుగే కదా" అని కాల్చేసేవాళ్లే చేతులు కాల్చుకుంటారు.

అలాగని స్టార్ట్ లోడ్ కన్నా కిందికీ పోకూడదు. నెమ్మదిగా కాలే పౌడర్‌ని పెద్ద కేస్‌లో మరీ తక్కువ వేస్తే ఒత్తిడి అంతుపట్టకుండా ఎగబాకి రైఫిళ్లు పగిలిన సందర్భాలున్నాయి.

ప్రశ్న: ఇన్నాళ్లూ బాగానే ఉన్న లోడ్ ఉన్నట్టుండి బోల్టు బిగుసుకునేలా చేస్తోందట. పౌడర్ తూకం మార్చలేదంటున్నాడు.
– ఎంవీపీ కాలనీ

జవాబు: తూకం మారలేదు సరే, మిగతావి? ముందు పౌడర్ డబ్బా చూడమనండి. హెచ్ 4350, ఐఎంఆర్ 4350 అని రెండున్నాయి. ఇంటిపేరు ఒకటే, ఒంటిపేరు వేరు. ఒకదాని లెక్క ఇంకోదానికి పనికిరాదు. కొత్త డబ్బా అదే పౌడరైనా లాట్ మారితే రెండు మెట్లు దిగి మళ్లీ ఎక్కాలి. బల్ల మీద ఎప్పుడూ ఒక్క డబ్బానే ఉండాలి. పని అయ్యాక హాపర్‌లో (పౌడర్ పోసే గరాటు లాంటి పాత్రలో) మిగిలింది అదే డబ్బాలోకి వెంటనే పోయాలి.

తర్వాత కేస్. మిలటరీ 7.62 నాటో కేసుల గోడ మందం ఎక్కువ, లోపల చోటు తక్కువ. అదే పౌడర్ తక్కువ చోటులో కాలితే ఒత్తిడి పెరుగుతుంది. కేసులు కాల్చేకొద్దీ మెడ పొడుగవుతుంది. .308కి గరిష్ఠ పొడవు 2.015 అంగుళాలు, అది దాటితే మెడ అంచు చాంబర్ చివర ఇరుక్కుని బుల్లెట్‌ని పట్టేసుకుంటుంది. 2.005కి కత్తిరించాలి. ఈ పని మరిచిపోయి పౌడర్‌ని తిట్టేవాళ్లు బోలెడంత మంది.

బుల్లెట్ మారిందా? ఒకే బరువున్నా పూర్తిగా రాగితో చేసిన బుల్లెట్ పొడుగ్గా ఉండి కేస్‌లోకి ఎక్కువ దిగుతుంది. దానికి దాని లెక్కే చూడాలి. బుల్లెట్‌ని బయటికి పెట్టి బ్యారెల్ లోపలి రైఫ్లింగ్ గట్లకి ఆనిస్తే ఒత్తిడి పెరుగుతుంది. మామూలు ప్రైమర్ దొరకలేదని మాగ్నమ్ ప్రైమర్ వేసినా అంతే. ఇవేవీ కాకపోతే త్రాసు. ఎలక్ట్రానిక్ త్రాసు మీద సీలింగ్ ఫ్యాన్ గాలి తగిలినా, పక్కన ఫోన్ ఉన్నా అంకె జారుతుంది. చెక్ వెయిట్‌తో (బరువు కచ్చితంగా తెలిసిన తూకపురాయితో) మొదట్లో ఒకసారి, పది తూటాలకి ఒకసారి చూసుకోవాలి.

ప్రశ్న: డిసెంబర్‌లో సరిపోయిన లోడ్ జూలైలో సరిపోదంటారు, నిజమేనా?
– మధురవాడ

జవాబు: నిజమే. పాత రకం పౌడర్లలో ఒక్కో ఫారెన్‌హీట్ డిగ్రీకి వేగం సెకనుకి ఒకటి, ఒకటిన్నర అడుగులు పెరుగుతుంది. 40 ఫారెన్‌హీట్ డిగ్రీల చలిలో గరిష్ఠానికి చేర్చిన లోడ్ 105 ఫారెన్‌హీట్ డిగ్రీల ఎండలో సెకనుకి 65 నుంచి 100 అడుగులు ఎక్కువ వేగంతో పోతుంది, దాని వెంటే ఒత్తిడీ. బీచ్ రోడ్డులో మే నెల మధ్యాహ్నం నిలిపిన కారు డోర్ తీస్తే ముఖానికి కొట్టే సెగ మనకి తెలుసు కదా, తూటా పెట్టెని అలాంటి కారులో వదలకూడదు. వేడెక్కిన చాంబర్‌లో తూటా వేసి కబుర్లు చెప్పుకోకూడదు కూడా. లోడ్‌ని వేసవిలో ఖరారు చేసుకోవడమే మేలు.

ప్రశ్న: మా వాడి దగ్గర చూసి నాకూ ఆసక్తి కలిగింది. నాకు లైసెన్సున్న రైఫిల్ ఉంది. ఇంట్లో తూటాలు నింపుకోవచ్చా? వాడు వచ్చేటప్పుడు ఖాళీ కేసులు, చిన్న ప్రెస్ తెస్తానంటున్నాడు.
– గాజువాక

జవాబు: తేవద్దనండి, ఈ రోజే ఫోన్ చేసి. ఆయుధాల చట్టం 1959, సెక్షన్ 5 ప్రకారం లైసెన్సు లేకుండా మందుగుండు తయారుచేయకూడదు. మీ దగ్గరున్నది రైఫిల్ ఉంచుకునే లైసెన్సు, తయారీ లైసెన్సు కాదు. 2019 సవరణ తర్వాత సెక్షన్ 25 కింద దీనికి ఏడేళ్లకు తగ్గని జైలు, జీవిత ఖైదు దాకా వెళ్లొచ్చు. తూటా విడిభాగాలు, తూటాలు తయారుచేసే యంత్రాలు కూడా 'అమ్యూనిషన్' నిర్వచనంలోనే ఉన్నాయి. కాబట్టి జ్ఞాపకంగా దాచుకునే ఖాళీ కేస్ అని ఎయిర్‌పోర్టులో చెబితే ఒక 'కేసు' పోయి ఇంకో 'కేసు' వస్తుంది. పౌడర్‌కి ఎక్స్‌ప్లోజివ్స్ రూల్స్ 2008 వేరేగా ఉన్నాయి. మందుగుండు జనావాసాలకి ఎంత దూరంగా, ఎన్ని కట్టుబాట్లతో ఉంచుతారో మన ఊరివాళ్లకి వేరే చెప్పాలా? ఎన్ఏడీ జంక్షన్ పేరులోని ఎన్ఏడీ నేవల్ ఆర్మమెంట్ డిపోయే. లైసెన్సున్న డీలర్ దగ్గర ఫ్యాక్టరీ తూటాలు కొని, లైసెన్సు పుస్తకంలో రాయించుకోండి. పై జవాబుల్లో చెప్పిన గుర్తులు ఫ్యాక్టరీ తూటాలకీ వర్తిస్తాయి. బోల్టు బిగుసుకుంటే ఆ పెట్టెని లాట్ నంబరుతో సహా డీలర్‌కి తిరిగివ్వండి.

ప్రశ్న: మా అల్లుడు పాత .45-70 లీవర్ రైఫిల్ కొన్నాడు. దానికీ ఇవే గుర్తులా?
– భీమిలి

జవాబు: దానికి అసలు గుర్తుల్ని చూడనే కూడదు. .45-70కి సామీ హద్దు 28,000 పీఎస్‌ఐ మాత్రమే. ఇత్తడి అరవై వేలు దాటితే గానీ అరవదు. పాత యాక్షన్ (తూటాని బిగించి పట్టే యంత్రభాగం) అంతకు చాలాముందే సాగిపోవచ్చు, పగిలిపోవచ్చు. పుస్తకాల్లో ఈ తూటాకి రైఫిల్ బలాన్ని బట్టి విడివిడిగా పట్టికలుంటాయి. తన రైఫిల్ ఏ తరగతిదో గన్‌స్మిత్‌కి చూపించి తెలుసుకుని, ఆ పట్టికలో ఉన్న అంకె దాటకూడదు, అంతే. ఇలాంటి తక్కువ ఒత్తిడి తూటాల్లో ప్రైమర్ కాస్త బయటికి పొడుచుకొచ్చినా, కేస్ మెడ నల్లగా మసిబారినా కంగారు వద్దు. ఒత్తిడి తక్కువైనప్పుడు కనిపించేవవి.

ప్రశ్న: బోల్టు పూర్తిగా ఇరుక్కుపోతే సుత్తితో కొట్టి తీస్తారట. సరైనదేనా?
– సీతమ్మధార

జవాబు: కాదు. గొట్టం లక్ష్యం వైపే ఉంచి అర నిమిషం ఆగాలి. తూటా పేలలేదనో, ఆలస్యంగా పేలుతుందనో అనుమానం ఉన్నప్పుడూ ఇదే నియమం. తర్వాత అరచేతితో ఒకసారి గట్టిగా ప్రయత్నించాలి. రాకపోతే రేంజ్ ఆఫీసర్‌ని పిలిచి, రైఫిల్‌ని అలాగే గన్‌స్మిత్‌కి అప్పగించాలి. కొడితే కేస్‌ని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ విరుగుతుంది, బోల్టుని బిగించి ఉంచే లగ్ ఏదైనా పగిలి ఉంటే దాని ఆనవాలు కూడా పోతుంది. శబ్దం టప్‌మని చిన్నగా వచ్చి, రైఫిల్ వెనక్కి తన్నినట్టు తెలియకపోతే మాత్రం ఇంకో తూటా వేయకూడదు. బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఆగి ఉండొచ్చు. బోల్టు తీసేసి, వెనక నుంచి వెలుతురు కనబడుతోందో లేదో చూడాలి.